పిల్లాడు పుట్టిన ఏటి షాంపేన్: ఇప్పుడు తీయాలా, దాచాలా?

ఈ వారం ఉత్తరం హైదరాబాద్ నుంచి వచ్చింది. పేరు వేయవద్దని పాఠకురాలు కోరారు. ఉత్తరం పెద్దది. సారాంశం ఇది:

వచ్చే నవంబరుకి ఆమె పెళ్లయి ఇరవయ్యేళ్లు. ఒక్కడే కొడుకు, 2008 సెప్టెంబరులో పుట్టాడు. అత్తగారి ఆరోగ్యం బాగాలేక ఆమె, బాబు ఇక్కడే ఉండిపోతే, భర్త నాలుగేళ్లు లండన్‌లో ప్రాజెక్టు మీద ఉన్నారు. పిల్లాడి పుట్టినరోజులు నాలుగూ ఆయన ఫోన్‌లోనే చూశారు. 2019లో తిరిగొస్తూ విమానాశ్రయంలో డోమ్ పెరిన్యోన్ 2008 షాంపేన్ ఒకటి కొన్నారు. "ఇది వాడు పుట్టిన ఏటిది. వాడి ఇరవై ఒకటో పుట్టినరోజున తీద్దాం" అన్నారు. ఆ మాట మీదే ఉన్నారు.

సీసా మొదటి మూడేళ్లూ పడకగది బీరువాలో, పెట్టెతో సహా నిలబెట్టి ఉంది. ఆ గదిలో ఏసీ రాత్రుళ్లే. 2022లో కొత్తగా చెక్కపని చేయించాక, పెట్టెలోంచి తీసి హాల్లో అద్దాల షోకేసులో దీపాల కింద పెట్టారు. అక్కడ ఏడాదికి పైగా ఉంది. వ్రతానికి వచ్చిన చుట్టాల్లో ఒకరు దాని గురించి అడిగితే అత్తగారు తల దించుకున్నారట. ఆ సాయంత్రమే సీసా న్యూస్‌పేపర్ చుట్టుకుని ఫ్రిజ్‌లోకి, కూరగాయల వెనక్కి వెళ్లింది. అప్పటినుంచి అత్తగారు తన పాలు, పెరుగు ఫ్రిజ్‌లో పెట్టడం మానేశారు. పెళ్లిరోజుకి తీద్దామని ఈమె అంటే, "అది మనది కాదు, వాడిది" అని భర్త. ఇప్పుడు దాని ధర పెరిగింది, అమ్మేద్దామని మరిది. ఆమె ఎన్నడూ వైన్ తాగలేదు. "తీశాక నాకది పుల్లగా అనిపిస్తే, అందరి ముందూ ముఖం ఎలా పెట్టుకోవాలి?" అని చివర్లో రాశారు.

*

మీ ఉత్తరంలో మూడు చిక్కులు కలిసి ముడిపడ్డాయి. సీసాలో ఉన్నది ఇంకా బాగుందా, అది ఎవరిది, ఇంట్లో దానికి చోటెక్కడ. మొదటిదాని సంగతి తెలిస్తే మిగతా రెండింటి గురించి మాట్లాడుకోవడం మీ ఇద్దరికీ తేలికవుతుంది. కాబట్టి సీసాతోనే మొదలుపెడతాను.

మామూలు షాంపేన్‌లో రెండు మూడేళ్ల పంటల వైన్లు కలుస్తాయి. వింటేజ్ అంటే సీసా మీద రాసిన ఆ ఒక్క ఏటి ద్రాక్షతోనే చేసినది. మామూలుది సీసాలో కనీసం 15 నెలలు ఉంటే చాలు. వింటేజ్‌ను మూడేళ్లకు ముందు అమ్మకూడదని, ఈ వైన్ తయారయ్యే ఫ్రాన్స్‌లోని షాంపేన్ ప్రాంతపు నియమం. డోమ్ పెరిన్యోన్ ఎపెర్నే పట్టణంలోని మొయెట్ అండ్ షాండన్ సంస్థ చేసే అత్యుత్తమ వైన్. మొదటి వింటేజ్ 1921ది, అమ్మకానికి వచ్చింది 1936లో. పినో నువార్ అనే నల్ల ద్రాక్ష, షార్డనే అనే తెల్ల ద్రాక్ష కలిపి, పంట నచ్చిన ఏళ్లలో మాత్రమే చేస్తారు. ఓవిల్లే మఠంలో 1668 నుంచి 1715 వరకు వైన్ వ్యవహారాలు చూసిన సన్యాసి పియేర్ పెరిన్యోన్ పేరు పెట్టుకున్నారు. షాంపేన్ కనిపెట్టింది ఆయనేనని మీ బంధువుల్లో ఎవరైనా అంటే అది కట్టుకథే. అయితే వేర్వేరు తోటల ద్రాక్షను తూకంగా కలపడంలో ఆయన దిట్ట.

మీవారు ఎంచుకున్న 2008 గొప్ప సంవత్సరం. ఆ ఏడు షాంపేన్ ప్రాంతంలో వేసవి అంతా చలి, మబ్బు. పంట చప్పగా పోతుందని దిగులుపడుతున్న వేళ సెప్టెంబరులో ఎండ కాసింది, పొడిగాలి వీచింది. ఆ నెల మధ్యలో, మీ బాబు పుట్టిన నెలలోనే, కోతలు మొదలయ్యాయి. ద్రాక్షలో తీపి పండింది, చల్లని వేసవి నిలిపి ఉంచిన పులుపు మాత్రం తగ్గలేదు. ఆ రెండూ అలా కలిసి రావడం అరుదు. పులుపు బలంగా ఉంది కనుక దీన్ని ఇంకొంత కాలం ఉంచాలని, 2009 వింటేజ్‌ను ముందు విడుదల చేసి, 2008ని 2019 జనవరిలో బయటకు తెచ్చారు. 1990 నుంచి ఆ వైన్‌ను చూసుకున్న రిషార్ జెఫ్రువా అప్పుడే బాధ్యతను విన్సెంట్ షాపెరోన్‌కు అప్పగించారు. చల్లటి నేలమాళిగలో కదలకుండా ఉన్న 2008 సీసా మరో ఇరవయ్యేళ్లు హాయిగా నిలుస్తుంది. అంటే 2029 దాకా దాచాలన్న మీవారి ఆలోచనలో తప్పేమీ లేదు. చిక్కంతా ఈ సీసా ఇన్నాళ్లూ ఎక్కడ ఉందన్నదాంట్లోనే ఉంది.

అదెందుకో చెబుతాను. షాంపేన్ రెండోసారి పులిసేది సీసాలోనే. లీటరుకు సుమారు 24 గ్రాముల చక్కెర, కాస్త ఈస్ట్ వేసి మూత బిగిస్తారు. ఈస్ట్ ఆ చక్కెరను తినేసి గ్యాస్ వదులుతుంది, లోపల ఒత్తిడి 6 బార్ల దాకా, అంటే కారు టైరులో ఉండేదానికి రెండున్నర రెట్ల పైగా చేరుతుంది. పని ముగించి చనిపోయిన ఈస్ట్ అడుగున పేరుకుంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ అది కరుగుతూ వైన్‌కు కాల్చిన రొట్టె, వేయించిన గింజల వాసనలిస్తుంది. అంతకన్నా ముఖ్యం, లోపలికి చేరే ఆక్సిజన్‌ను పీల్చేసుకుని వైన్‌ను కాపాడుతుంది. అమ్మే ముందు సీసా మెడను గడ్డకట్టించి ఆ మడ్డిని తీసేసి, అసలు బిరడా కొడతారు. అక్కణ్ణుంచి కావలి లేదు. వేడి, వెలుగు, పొడి గాలి, మూడూ నేరుగా వైన్ మీద పనిచేస్తాయి. మీ సీసా ఆ మూడింటినీ చూసింది.

బీరువా సంగతి ముందు. షాంపేన్‌కు కావలసింది 10 నుంచి 12 డిగ్రీలు. ఏసీ ఆగిన హైదరాబాద్ పడకగది బీరువాలో వేసవి పగళ్లు 34, 35 దాకా ఉంటుంది. పది డిగ్రీల వేడి పెరిగితే రసాయన మార్పుల వేగం దాదాపు రెట్టింపవుతుందన్నది మోటు లెక్క. ఆ ప్రకారం 32 డిగ్రీల్లో ఒక్క నెల, నేలమాళిగలో నాలుగు నెలల పెట్టు. పైగా రాత్రి ఏసీ చల్లదనం, పగటి ఉక్క మారిమారి వస్తుంటే లోపలి ఒత్తిడి పెరిగి తగ్గుతూ బిరడాను కుదుపుతుంది. నిలబెట్టినందుకు మాత్రం అంత బెంగపడకండి. షాంపేన్ సీసాలో వైన్‌కూ బిరడాకూ మధ్య ఉన్న ఖాళీ తేమగానే ఉంటుంది. ఏళ్ల తరబడి దాచేవాళ్లు పడుకోబెడతారు గానీ, వేడి చేసే చెడుతో పోలిస్తే ఇది చిన్నది.

నాకు ఎక్కువ దిగులు కలిగించింది షోకేసు. వైన్‌లో సహజంగా ఉండే రైబోఫ్లేవిన్, అంటే బి2 విటమిన్, అతినీలలోహిత కాంతినీ నీలికాంతినీ పీల్చుకుని, గంధకం ఉన్న అమైనో ఆమ్లాలను విరగ్గొడుతుంది. దాంతో ఉడికిన క్యాబేజీ, మురుగు వాసనలు పుడతాయి. ఫ్రాన్స్‌లో దీన్ని వెలుతురు రుచి అంటారు. రంగులేని గాజు సీసాలో ఇది కొన్ని గంటల్లోనే జరగొచ్చు. క్రిస్టాల్ షాంపేన్‌ను అందుకే పసుపు రంగు కాగితంలో చుట్టి అమ్ముతారు. మీ సీసా ముదురు ఆకుపచ్చ గాజు. అది చాలావరకు కాచి ఉంటుంది, పూర్తిగా కాదు. హాల్లో పడే పగటి వెలుతురుకి కిటికీ ఎంత దూరమో, దీపాలు రోజూ ఎంతసేపు వెలిగేవో దాన్నిబట్టి నష్టం ఉంటుంది.

ఇక ఫ్రిజ్. వారం పది రోజులకు ఫ్రిజ్ మంచిదే. రెండేళ్లకు కాదు. మంచు పట్టని ఫ్రిజ్ లోపలి తేమను లాగేస్తూ ఉంటుంది. బిరడా బయటివైపు నుంచి ఎండి, బిగువు తగ్గి, గ్యాస్ కొద్దికొద్దిగా జారిపోతుంది. అయినా ఒక మాట నిజం: ఈ రెండేళ్లూ మీ సీసా బీరువాలో ఉండి ఉంటే ఇంకా ఎక్కువ పాడయ్యేది. అత్తగారికి కలిగిన ఇబ్బంది సీసాకు కొంత మేలే చేసింది.

తీయకుండా ఎంతవరకు తెలుసుకోవచ్చో చూడండి. సీసాను ఫ్రిజ్‌లోంచి తీసి, నీడలో బల్ల మీద అరగంట నిలబెట్టండి. మెడ దగ్గర రేకు అంచు వేలితో తడమండి. జిగురుగా ఉన్నా, రేకు కింద గోధుమరంగు మరక కనబడినా వైన్ ఎప్పుడో కారిందన్నమాట. చీకటి గదిలో మెడ వెనక ఫోన్ లైటు ఓ క్షణం వెలిగించి ద్రవం ఎక్కడిదాకా ఉందో గుర్తించండి. బిరడా కింద రెండు మూడు వేళ్ల లోపలే ఉంటే నిశ్చింత, భుజం దాకా దిగితే ఆశ తక్కువ. అదే వెలుతురులో అడుగున మడ్డి ఉందేమో చూడండి, ఉండకూడదు. రంగు మాత్రం ఆకుపచ్చ గాజు చెప్పనివ్వదు. ఈ పరీక్షల్లో నెగ్గినంత మాత్రాన లోపల బాగున్నట్టు రుజువు కాదు. ఓడితే మాత్రం ఎదురుచూడటంలో అర్థం లేదని తెలుస్తుంది.

ఇప్పుడు మీ ముందున్న దారులు.

ఒకటి, మీవారన్నట్టే 2029 దాకా ఉంచడం. ఉంచాలంటే సీసా ఇవాళే ఫ్రిజ్ వదలాలి. వైన్ కోసం చేసిన చిన్న కూలర్ కొని 11, 12 డిగ్రీల మీద పెట్టి, సీసాను పడుకోబెట్టి, గాజు తలుపుకి గుడ్డ కప్పాలి. కొనేటప్పుడు ఒక్క విషయం తప్పనిసరిగా చూడండి: కంప్రెసర్ ఉన్నదే తీసుకోండి. చవకగా దొరికే థర్మోఎలక్ట్రిక్ రకం గది వేడికన్నా ఓ పదిహేను డిగ్రీలు మాత్రమే దించగలదు. మే నెలలో గది 36 ఉంటే లోపల 20 పైనే. ఈ దారిలో మీవారి మాట నిలుస్తుంది, అత్తగారి ఫ్రిజ్ ఆవిడకు దక్కుతుంది. కానీ ఇప్పటికే జరిగిన నష్టాన్ని ఏ కూలరూ వెనక్కి తేలేదు. బాబు ఇరవై ఒకటో పుట్టినరోజున, అందరూ చూస్తుండగా, బుడగల్లేని గోధుమరంగు వైన్ గ్లాసులో పడే అవకాశం గట్టిగానే ఉంది. ఆ రోజు మీవారికి అదెలా ఉంటుందో ఆయన ఇప్పుడే ఊహించుకోవాలి.

రెండు, ఈ నవంబరులో తీసేయడం. వైన్ దృష్టితో చూస్తే ఇదే సరైన సమయం. వేడికి త్వరగా వయసు మీదపడినా, 2008 పులుపు దానికి గట్టి వెన్నెముక. ఇంకా ప్రాణంతో, బహుశా తేనె, పుట్టగొడుగు వాసనలతో, తక్కువ బుడగలతో ఉండొచ్చు. అలా ముదిరిన షాంపేన్‌నే ఇష్టపడేవాళ్లున్నారు. కానీ ఆయన ఒప్పుకోకుండా తీస్తే, మీ పెళ్లిరోజు ఆయన మాట తప్పిన రోజుగా మిగులుతుంది. ఇరవయ్యేళ్ల సంసారంలో అంత మూల్యం ఏ షాంపేన్‌కీ చెల్లించకూడదు.

మూడు, ఈ సీసాను బాబు సమక్షంలో ఈ ఏడే తీసి, 2029 కోసం సరిగ్గా దాచిన మరో 2008ని తెప్పించుకోవడం. ఇదే సంస్థ కొన్ని వింటేజ్‌లలో కొన్ని సీసాలను ఈస్ట్ మీదే మరికొన్నేళ్లు ఉంచి, పంటకు పదిహేనేళ్లు దాటాక ప్లెనిట్యూడ్ 2 పేరుతో అమ్ముతుంది. నేలమాళిగ దాటి రాని వైన్ కనుక దాచిన తీరు మీద అనుమానం ఉండదు. ధర మాత్రం మామూలు డోమ్ పెరిన్యోన్‌కన్నా బాగా ఎక్కువ. మామూలు 2008నే వెతికితే, మంచి నిల్వ ఉన్న వైన్ వ్యాపారి దగ్గర, దాచిన చరిత్ర అడిగి కొనాలి. విదేశం నుంచి వచ్చే పెద్దవాళ్లు ఒక్కొక్కరు రెండు లీటర్ల మద్యం సుంకం లేకుండా తెచ్చుకోవచ్చు, కాబట్టి 750 మిల్లీలీటర్ల సీసాకు అడ్డంకి లేదు. 2029 వేసవి దాటాక, పుట్టినరోజుకి నెలా రెండు నెలల ముందు తెప్పించుకుంటే మన ఎండల బెడదే ఉండదు.

నాలుగోది మీ మరిది చెప్పినది. దాన్ని వదిలేయండి. లైసెన్సు లేకుండా మద్యం అమ్మడం ఎక్సైజ్ చట్టం కింద నేరం. అది పక్కనపెట్టినా, ఆయన నెట్‌లో చూసిన ధర నేలమాళిగలో పడుకున్న సీసాది. వేలం సంస్థలు ముందు అడిగేది ఎక్కడ దాచారనే. బీరువా, షోకేసు, ఫ్రిజ్ అని నిజం చెప్తే ఎవరూ ఆ ధర ఇవ్వరు.

నా మొగ్గు మూడోదాని వైపు. కానీ మీవారితో మొదలుపెట్టాల్సిన మాట "నాకు పెళ్లిరోజుకి కావాలి" అన్నది కాదు. ఆయన ఆ సీసాలో దాచుకున్నది పిల్లాడి దగ్గర లేని నాలుగేళ్లు. దాన్ని మీరు అడుగుతున్నారనుకున్నంత కాలం ఇవ్వలేరు. సీసా పడిన వేడి, వెలుతురు, పొడి గాలి గురించి పైన రాసినదంతా చదివి వినిపించండి. ఈ సీసా 2029 దాకా రాకపోవచ్చనీ, వచ్చే సీసాను ఇప్పుడే అనుకుందామనీ చెప్పండి. కొన్నప్పుడు ఆయన మనసులో ఏముందో బాబుకి ఎప్పుడైనా చెప్పారా? చెప్పి ఉండకపోతే, అది చెప్పడానికి ఇరవై ఒకటో ఏడు దాకా ఆగనక్కర్లేదు. తెలంగాణలో 21 ఏళ్లు నిండేదాకా మద్యం తాగకూడదు, కాబట్టి బాబుకి గ్లాసు వద్దు. కానీ లేబుల్ చదవడం, బిరడా దాచుకోవడం వాడి వంతు కావచ్చు.

అత్తగారి విషయంలో దాచిపెట్టడమే ఎక్కువ బాధించిందని నాకనిపిస్తోంది. పాలు, పెరుగు పెట్టుకునే చోట తన నమ్మకానికి విరుద్ధమైనది, తనకు చెప్పకుండా న్యూస్‌పేపర్‌లో చుట్టి పెట్టారు. ఏ దారి ఎంచుకున్నా ముందు ఫ్రిజ్ ఖాళీ చేసి, శుభ్రంగా తుడిచి, ఆవిడతో "తప్పయింది అత్తయ్యా, ఇక ఇక్కడ ఉండదు" అని మీరూ మీవారూ కలిసి చెప్పండి. ఎందుకు కొన్నారో కొడుకు నోటితో వింటే ఆవిడ ఒప్పుకోకపోయినా అర్థం చేసుకోవచ్చు. తీసేది మాత్రం ఇంట్లో వద్దు. మీ అక్కచెల్లెళ్ల ఇల్లో, స్నేహితుల ఇల్లో చూసుకోండి. హోటల్‌కి వెళ్తే బయటి సీసా తీయనిస్తారా, ఎంత తీసుకుంటారు అన్నది ముందే ఫోన్ చేసి కనుక్కోండి. తాగాక బండి నడపకుండా వెళ్లే ఏర్పాటు కూడా చూసుకోండి.

ఇక తీయడం, తాగడం. మీ భయం ఎక్కువగా ఇక్కడే ఉంది కాబట్టి వివరంగా రాస్తాను.

ముందుగా ఒక అభ్యాసం. మన నాసిక్ దగ్గర ఇదే పద్ధతిలో, సీసాలోనే రెండోసారి పులియబెట్టి, బుడగల వైన్ చేస్తున్నారు. సులా బ్రూట్ ఉంది. డోమ్ పెరిన్యోన్ చేసే గ్రూపువాళ్లదే షాండన్ కూడా దిండోరిలో తయారవుతోంది. ఒక సీసా తెచ్చి పెళ్లిరోజుకి వారం ముందు మీవారితో తీయించండి. చేతికి పని తెలుస్తుంది, ఆ పులుపు, ఆ చురుకు మీ నోటికీ పరిచయమవుతాయి.

అసలు రోజున సీసాను పొద్దున్నే నిలబెట్టి ఉంచండి. తీయడానికి అరగంట ముందు లోతైన బకెట్‌లో సగం ఐసు, సగం నీళ్లు పోసి మెడ దాకా ముంచండి. ఒట్టి ఐసు చాలదు, నీళ్లు ఉంటేనే గాజుకి చలి అంటుతుంది. ఫ్రీజర్‌లో ఎప్పుడూ పెట్టొద్దు. అక్కడ మైనస్ 18 ఉంటుంది, మరచిపోతే వైన్ గడ్డకట్టి సీసా పగులుతుంది. మీకు కావలసింది 8 నుంచి 10 డిగ్రీలు. అంతకన్నా వెచ్చగా ఉంటే తీయగానే నురుగు పొంగి మూడోవంతు నేలపాలవుతుంది. మరీ చల్లగా ఉంటే వాసన రాదు.

సీసాను తువ్వాలుతో తుడవండి, తడి చేయి జారుతుంది. రేకు ఒలిచి, బొటనవేలు బిరడా మీద గట్టిగా ఆనించండి. బిరడాను పట్టి ఉంచే తీగ చుట్టును ఆరు అరచుట్లు తిప్పితే వదులవుతుంది. వదులు చేయండి గానీ తీసేయకండి, అది ఉంటే పట్టు బాగుంటుంది. సీసాను 45 డిగ్రీలు వంచి, మనుషులూ ట్యూబ్‌లైటూ లేని వైపు చూపించండి. ఒక చేత్తో బిరడాను గుడ్డతో కలిపి కదలకుండా పట్టుకుని, రెండో చేత్తో సీసా అడుగును మెల్లగా తిప్పండి. తిప్పాల్సింది సీసాను, బిరడాను తిప్పితే విరుగుతుంది. అది పైకి తోసుకొస్తున్నట్టు తెలిసినప్పుడు ఎదురు నొక్కి పట్టండి. నిట్టూర్పంత చప్పుడుతో రావాలి. పెళ్లిళ్ల వీడియోల్లోలాగా ఢాం అనిపిస్తే గ్యాస్, నురుగు పోతాయి, కంటికి తగిలితే చూపు పోయిన సందర్భాలున్నాయి.

మీ సీసాలో రెండు ఇబ్బందులు రావచ్చు. బిరడా బిగుసుకుని కదలకపోతే, మెడను గోరువెచ్చటి నీళ్ల కింద కొన్ని క్షణాలు ఉంచి మళ్లీ తిప్పండి. పైతల విరిగిపోతే లోపల ఒత్తిడి ఇంకా ఉందని గుర్తుంచుకోండి. మళ్లీ బకెట్‌లో అరగంట చల్లార్చి, తువ్వాలు కప్పి, బిరడా తీసే స్క్రూను నెమ్మదిగా దించాలి. అది అలవాటున్నవాళ్ల చేతికే ఇవ్వండి. వచ్చాక బిరడా అడుగు చూడండి. విచ్చుకుని గొడుగులా ఉంటే గ్యాస్ బాగున్నట్టు. మేకులా సన్నగా నిటారుగా ఉంటే బిగువు పోయింది, బుడగలు తక్కువగా ఉంటాయి.

గ్లాసు విషయంలో పొడవాటి సన్న ఫ్లూట్‌కన్నా, మధ్యలో వెడల్పై పైన ముడుచుకున్న ట్యులిప్ ఆకారం మేలు. మామూలు వైట్ వైన్ గ్లాసు చాలు. సబ్బు జాడ ఉంటే బుడగలు నిలవవు. వేడినీళ్లతో కడిగి నూలు గుడ్డతో తుడవండి. బుడగ పుట్టేది గాజు మీద అంటుకున్న సూక్ష్మమైన నూలు పోగుల దగ్గరే. రీమ్స్ విశ్వవిద్యాలయంలో జెరార్ లిజే-బెలేర్ ఏళ్ల తరబడి దీన్ని పరిశోధించారు. గ్లాసును వంచి, గోడ వెంట పోస్తే గ్యాస్ ఎక్కువ మిగులుతుందని కూడా ఆయన బృందమే కొలిచి చూపింది. ఒక్కో గ్లాసుకి 100 మిల్లీలీటర్లు, రెండు విడతలుగా పోయండి. ఒక సీసా ఏడు గ్లాసులు.

వెంటనే తాగకండి. ముందు వాసన చూడండి. అగ్గిపుల్ల గీసినట్టు, కాఫీగింజలు వేయించినట్టు వాసన వస్తే అది లోపం కాదు, డోమ్ పెరిన్యోన్ ముద్రే అది. పది నిమిషాల్లో వెనక్కి తగ్గి నిమ్మతొక్క, వేయించిన బాదం, కాల్చిన బ్రెడ్ పైకి వస్తాయి. తడిసిన అట్టపెట్టె వాసన వచ్చి, గాలికి ఇంకా పెరుగుతుంటే బిరడా చెడిందని. క్యాబేజీ వాసన అయితే షోకేసు పని. కోసి ఉంచిన ఆపిల్ నల్లబడిన వాసన, మరిగిన బెల్లం వాసన, ముదురు రంగు, ఈ మూడూ కలిస్తే బీరువా వేడి.

తర్వాత చిన్న గుక్క. నాలుక పక్కలు నీరూరతాయి. మీకు పుల్లగా అనిపిస్తుంది. అలాగే అనండి. 2008ని మెచ్చుకునేవాళ్లందరూ మొదట మాట్లాడేది దాని పులుపు గురించే. మీరు తెలియక అన్నట్టు కాదు, సరిగ్గా పట్టుకున్నట్టు. ఇందులో వేసే తీపి లీటరుకు అయిదారు గ్రాములకు మించదు. మింగాక ఆ రుచి ఎంతసేపు నిలిచిందో, నురుగు గుచ్చిందా మెత్తగా కరిగిందా అన్నది గమనించండి. మిగిలినదాన్ని అరగంట సేపు, కొద్దికొద్దిగా తాగండి. గ్లాసులో 12 డిగ్రీలకు చేరేకొద్దీ ఇంకో మనిషిలా మాట్లాడుతుంది. నచ్చకపోతే అర గ్లాసు దగ్గర ఆపేయండి. ఏవైనా మందులు వాడుతుంటే అసలు ముట్టకండి, వాసన చూడటం మాత్రం మీ హక్కు.

పక్కన ఏం పెట్టాలంటే, ఉప్పూ నూనే ఉన్నవి, కారం లేనివి. నేతిలో వేయించి ఉప్పు చల్లిన జీడిపప్పు, మఖానా, ఆలూ చిప్స్, మిరియం కూడా తగ్గించిన రొయ్యల వేపుడు. కారానికి గ్యాస్ తోడైతే నోరు రెట్టింపు మండుతుంది, వైన్ కనబడదు. ఊరగాయ వద్దు. కేక్ కూడా ముందు వద్దు, తీపి తిన్న నోటికి ఇంత తీపి తక్కువ వైన్ నిమ్మరసంలా తగులుతుంది. గ్లాసులు ఖాళీ అయ్యాకే కోయండి.

మిగిలితే షాంపేన్ కోసం చేసిన బిగింపు మూత పెట్టి, తీసినవాళ్ల ఇంటి ఫ్రిజ్‌లోనే ఒకటి రెండు రోజులు ఉంచవచ్చు. మెడలో చెంచా వేలాడదీస్తే గ్యాస్ నిలుస్తుందన్నది నిజం కాదు.

ఒక్క జాగ్రత్త. ఆ సాయంత్రం బకెట్‌లో డోమ్ పెరిన్యోన్ పక్కనే నాసిక్ సీసా ఇంకొకటి చల్లగా ఉంచండి, దాని సంగతి మీవారికి ముందే చెప్పి ఉంచండి. డోమ్ పెరిన్యోన్ పాడైందని తేలితే వాదన పెట్టుకోకుండా దాన్ని పక్కన పెట్టి, రెండోది తీసి పోయండి.